రెండో పాదం ఎవరిది?

1891లో కాకినాడలో ఒక శతావధానం జరిగింది. చేసినవారు ఇద్దరు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రికి అప్పుడు ఇరవై ఒక్కేళ్లు, దివాకర్ల తిరుపతిశాస్త్రికి పంతొమ్మిది. కాకినాడ అప్పటికే కచేరీలు, ప్లీడర్లు, పిఠాపురం రాజా కాలేజీ, చుట్టుపక్కల అగ్రహారాల పండితులు ఉన్న పట్నం. కుర్రవాళ్లు కదా అని చూసీచూడనట్టు పోయే సభ అక్కడ దొరకదు. ఎక్కడ యతి తప్పుతుందా, ఎక్కడ వ్యాకరణం జారుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చునే సభ అది. ఆ సభను గెలిచి లేచాక ఆ ఇద్దరికీ విడివిడి పేర్లు లేకుండా పోయాయి. తెలుగుదేశం వారిని తిరుపతి వేంకట కవులు అంది. నూట ముప్పై ఏళ్లు దాటినా ఇప్పటికీ అలాగే అంటోంది.

నేటి కుర్రకారు భాషలో చెప్పాలంటే ఇది ఒక అండర్‌గ్రౌండ్ ర్యాప్ జంట కథ. సినిమా లేని రోజుల్లో, రేడియో రాని రోజుల్లో, పుస్తకం అచ్చవడమే గగనమైన రోజుల్లో, కేవలం నోటితో చెప్పి, ఎదురుగా కూర్చున్నవాళ్ల మెప్పుతోనే ఊరూరా పేరు తెచ్చుకున్న జంట కథ. ఈ పోలిక ఊరికే తెచ్చింది కాదు. అప్పటికప్పుడు పద్యం చెప్పడం, సవాలు విసరడం, ఎదుటి కవిని పద్యంతోనే దెబ్బతీయడం, చెరో పక్షాన అభిమానులు నిలబడి కొట్టుకునేదాకా పోవడం ఇవన్నీ న్యూయార్క్ బ్రాంక్స్ వీధుల్లో పుట్టడానికి ఎనభై ఏళ్ల ముందే గోదావరి గట్టున నడిచాయి. అసలు విషయం ఇంకొకటి ఉంది. ఇద్దరు మనుషులు ఒకే పేరు పెట్టుకుని ఒకే మాట మీద నిలబడితే ఏమవుతుందో ఈ జంట చూపించినంత స్పష్టంగా తెలుగులో మరొకరు చూపించలేదు.

శతావధానం ఎలా నడుస్తుందో ముందు చూడాలి. వంద మంది పృచ్ఛకులు ఉంటారు. ఒక్కొక్కరు ఒక పద్యం అడుగుతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పొంతన లేని మాటలిచ్చి దత్తపది అంటారు, ఒకరు వర్ణన కోరతారు. అవధాని ఎవరికీ పద్యం మొత్తం ఒకేసారి చెప్పడు. మొదటి ఆవృత్తిలో వంద మందికీ తలా ఒక పాదం. రెండో ఆవృత్తిలో మళ్లీ మొదటివాడి దగ్గర నుంచి రెండో పాదం. అలా నాలుగు ఆవృత్తులు తిరిగేసరికి వంద పద్యాలు పూర్తవుతాయి. చివరిది ధారణ. కాగితం లేకుండా, ఎవరూ అందించకుండా, వంద పద్యాలూ వరసగా తిరిగి అప్పజెప్పాలి. సాధారణంగా ఇది మూడు రోజుల పని.

పద్యం మాత్రం మామూలు బంధనమా? ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలలో ఇరవై ఒకటి, పదకొండో అక్షరం యతి. శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. ఇక ప్రాస. మొదటి పాదంలో రెండో అక్షరంలో ఏ హల్లు ఉంటే మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరంలో అదే హల్లు రావాలి. ర్యాపర్‌కి ప్రాస వాక్యం చివర పడుతుంది. వాక్యం మొదలుపెట్టాక కూడా ఒక క్షణం వెతుక్కునే వీలుంటుంది. తెలుగు కవికి ఆ వీలు లేదు. నోరు తెరిచిన రెండో అక్షరానికే కట్టుబడాలి.

ఇప్పుడు ఇదే పని ఇద్దరు చేస్తున్నారనుకోండి. ఒకరు మొదటి పాదం అందుకుంటారు, తర్వాతి పాదం రెండోవారిది. మొదటివాడు ప్రాసాక్షరం వేసి వదిలేశాడు. అది సుఖమైన లకారమో నకారమో అయితే సరే, మూడు మాటలు కూడా దొరకని సంయుక్తాక్షరం అయితే? రెండోవాడు మారు మాట్లాడకుండా మోయాలి. భావం కూడా అంతే. మొదటివాడు శ్రీకృష్ణుణ్ని వర్ణించబోయి యమున దగ్గర ఆగాడు. రెండోవాడు అక్కడినుంచే అందుకోవాలి, తన ఊహ బృందావనంలో ఉన్నా సరే. పక్కవాడు ఎక్కడికి పోబోతున్నాడో వాడు నోరు తెరవకముందే తెలియాలి. ఒక్కడే చేసే అవధానంలో ధారణ ఒక్కటే పరీక్ష. జంటగా చేస్తే పక్కవాడి బుద్ధిని నమ్మడం రెండో పరీక్ష.

ఆ నమ్మకం కుదిరిన చోటు పశ్చిమ గోదావరిలోని కడియద్ద. తాడేపల్లిగూడెం దగ్గరి ఆ ఊళ్లో చర్ల బ్రహ్మయ్యశాస్త్రి అనే మహా వైయాకరణుడు పాఠాలు చెప్పేవారు. తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి. వేంకటశాస్త్రి పుట్టింది కడియంలో, పెరిగింది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో. కుర్రతనంలో రాసిన శతకంలో వ్యాకరణ దోషాలు ఎవరో ఎత్తి చూపితే, ఆ అవమానం తట్టుకోలేక శాస్త్రం నేర్చుకోవాలని పట్టుబట్టారని చెబుతారు. గురువుగారి దగ్గర ఈ ఇద్దరూ మొదట స్నేహితులు కారు. వినాయక చవితి చందాల దగ్గర పోటీ పడ్డారని, ఆ పోటీలోనే ఒకరి సత్తా ఒకరికి తెలిసిందని చెప్పుకుంటారు. తిరుపతిశాస్త్రి మితభాషి, నెమ్మది మనిషి, వాదానికి దిగితే మాత్రం ఎదురులేనివాడు. వేంకటశాస్త్రి మాటల పుట్ట. లోకజ్ఞానం, చమత్కారం, రోషం ఆయనకు పుట్టుకతో వచ్చాయి. ఒకే తీరు మనుషులైతే ఈ జంట కుదిరేది కాదు.

జంట పేరులో ఒక సంగతి చాలామంది గమనించరు. వేంకటశాస్త్రి 1870లో పుట్టారు, తిరుపతిశాస్త్రి 1872లో. వయసులో చిన్నవాడి పేరు ముందు, పెద్దవాడి పేరు వెనక. సభలో ఎక్కువ మాట్లాడేది, కయ్యానికి ముందు దూకేది పెద్దాయనే అయినా పేరులో రెండో చోటుతో ఆయన తృప్తి పడ్డారు. ఇంకో కట్టుబాటు ఇంతకంటే గట్టిది. ఎవరు రాసినా ఇద్దరి పేరుతోనే బయటికి రావాలి. ఇది నీది, అది నాది అనే లెక్క ఉండకూడదు.

తెలుగులో జంట కవిత్వం వీరితో మొదలు కాలేదు. 15వ శతాబ్దంలోనే నంది మల్లయ, ఘంట సింగయ అనే మేనమామ మేనల్లుళ్లు కలిసి ప్రబోధచంద్రోదయము, వరాహపురాణము రాశారు. అవధానమూ వీరు కనిపెట్టింది కాదు. వీరికి ముందే మాడభూషి వేంకటాచార్యులు శతావధానాలు చేసి దానికొక రూపు తెచ్చారు. తిరుపతి వేంకట కవులు చేసింది మరొకటి. పండితుల చావడిలో ఉన్న విద్యను పట్టుకొచ్చి ఊరి నడిబొడ్డున పెట్టారు. వారి పద్యంలో నిఘంటువు తీసి చూడాల్సిన మాట తక్కువ. అప్పటికప్పుడు వినేవాడికి అప్పటికప్పుడే అర్థం కావాలి కదా. సభలో చప్పట్లు రావాలంటే పద్యం నోటినుంచి వెళ్లి చెవిలో పడేలోపే తలకెక్కాలి. ఆ అవసరం వారి శైలిని తీర్చిదిద్దింది. పద్యం మాటలా నడిచింది.

ఆ విద్య అంత దూరం పాకడానికి కాలం కూడా కలిసొచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది, కాలవల్లో పడవలు తిరిగాయి, మోతుబరి రైతులకూ జమీందారులకూ పండితుణ్ని పిలిచి శాలువా కప్పే స్తోమత వచ్చింది. తర్వాత రైలొచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచారు. కవులకు తిరగడానికి దారులు తెరుచుకున్న రోజులవి. జంటకవులు తిరగని చోటు లేదు. గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి, విజయనగరం ఇలా సంస్థానం తర్వాత సంస్థానం. మద్రాసు అడయారులో అనీబిసెంట్ మెప్పు కూడా పొందారు. రాజుల దగ్గర చెప్పిన పద్యాలన్నీ నానారాజ సందర్శనము అనే పుస్తకంగా వచ్చాయి. అందులో పొగడ్తలున్నాయి, అడగడాలున్నాయి, ఆలస్యం చేసిన ప్రభువుకు చురకలూ ఉన్నాయి. బతుకుతెరువు కోసం ఊళ్లు తిరిగే కళాకారుడి దినచర్య అది. టూర్ అనే మాట పుట్టకముందే వారిది టూర్ బతుకు.

ఇక మీసాల సంగతి. ఆనాటి వైదిక పండితుడు మీసం పెంచడం ఆచారం కాదు. వీరు పెంచారు. అడిగినవారికి పద్యంలోనే జవాబిచ్చారు. సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ మేమే కవులమని చెప్పడానికే ఈ మీసాలు, కాదన్న కవి ఎవరైనా ఉంటే మమ్మల్ని గెలవండి, గెలిస్తే మీసాలు తీసి మీకు మొక్కుతాం అన్నది ఆ పద్యం సారాంశం. చదివి మెచ్చుకుని వదిలేసే మాట కాదది. ఎదుటివాడు జవాబు చెప్పి తీరాల్సిన మాట. ర్యాప్ అభిమానులు దీన్ని వెంటనే గుర్తుపడతారు. తన గొప్ప తాను చెప్పుకోవడం అక్కడ అహంకారం కింద జమకట్టరు. ఆట మొదలైందని చాటే పద్ధతి అది. చెప్పుకున్న గొప్పను అక్కడికక్కడే నిలబెట్టుకోలేకపోతే మాత్రం సభ వదలదు.

జవాబు చెప్పేవాళ్లు వచ్చారు కూడా. పల్నాట కొప్పరం నుంచి కొప్పరపు సోదర కవులు వచ్చారు. వేంకట సుబ్బరాయ కవి, వేంకట రమణ కవి అన్నదమ్ములు. ఆశుకవిత్వంలో వారి వేగం చూసినవాళ్లు నివ్వెరపోయేవారు. గంటల వ్యవధిలో వందల పద్యాలతో కథ చెప్పిన పేరు వారిది. గుంటూరు సీమలో రెండు జంటల అభిమానులూ రెండుగా చీలారు. కరపత్రాలు అచ్చయ్యాయి, పత్రికల్లో ఉత్తరాలు నడిచాయి, సభల్లో నిలదీతలు జరిగాయి. మరోవైపు పిఠాపురం ఆస్థానం నుంచి ఓలేటి వేంకటరామశాస్త్రి, వేదుల రామకృష్ణశాస్త్రి జంటగా దిగారు. వారు వేంకట రామకృష్ణ కవులు. వారితో నడిచిన వివాదం నుంచి తిరుపతి వేంకట కవుల గీరతము అనే పుస్తకం పుట్టింది. ఒకే డెల్టాలో, ఒకే తరంలో, ఇన్ని జంటలు ఒకదాన్నొకటి ఢీకొన్న కాలం తెలుగులో మళ్లీ రాలేదు. పిఠాపురంలోనే బాలాంత్రపు వేంకటరావు, ఓలేటి పార్వతీశం అనే మరో జంట వేంకట పార్వతీశ కవులుగా ఏకాంతసేవ రాస్తూ తమ పని తాము చేసుకుపోయారు.

ఆ తగవుల్లో అంతా అమృతమే ఉందనడం నిజం కాదు. శాస్త్రచర్చ కొంత దూరం పోయాక వ్యక్తిదూషణకు దిగిన సందర్భాలున్నాయి. కావ్యానికి పెట్టాల్సిన ఏళ్లు కరపత్రాలకు పోయాయి. అయినా ఒక లాభం మిగిలింది. తప్పు దొరికితే ఎదుటి పక్షం చీల్చి చెండాడుతుందన్న భయం వీరి పద్యాన్ని శుభ్రంగా ఉంచింది. వ్యాకరణం మీద, ఛందస్సు మీద మామూలు చదువరికి కూడా ఆసక్తి పుట్టింది. ఏ మాట సాధువు, ఏది కాదు అని జనం రచ్చబండ మీద వాదించుకున్నారు. అభిమానులంటే చప్పట్లు కొట్టేవాళ్లు మాత్రమే కాదు, ఆటగాడి కంటే నిబంధనలు బాగా తెలిసినవాళ్లని ఆ కాలం రుజువు చేసింది.

ఇక ర్యాప్ సంగతి. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్‌లో డీజే కూల్ హెర్క్ ఇచ్చిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెబుతారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 1981లో, హార్లెమ్‌లో బిజీ బీ, కూల్ మో డీ అనే ఇద్దరి మధ్య పోటీ జరిగింది. బిజీ బీ జనాన్ని ఉర్రూతలూగించడంలో మొనగాడు. కూల్ మో డీ మాటల పనితనంతో, సూటి విమర్శతో అతణ్ని కొట్టాడు. ఆ పోటీని ఏ కంపెనీ అచ్చు వేయలేదు. క్యాసెట్ మీద క్యాసెట్ ఎక్కించుకుని జనమే పంచుకున్నారు. అమెరికాలోని సెయింట్ పాల్ నగరం నుంచి వచ్చిన ఐడియా అండ్ ఎబిలిటీస్ అనే జంట కూడా ఇలాంటి పోటీల నుంచే పైకి వచ్చింది. ఐడియా 2000లో దేశమంతా చూసిన బ్లేజ్ బ్యాటిల్ పోటీ గెలిచాడు. పెద్ద కంపెనీల వైపు పోకుండా తన ప్రాంతపు చిన్న సంస్థతోనే ఉండిపోయాడు. 2010లో ఇరవై ఎనిమిదేళ్లకే చనిపోయినా అభిమానులు ఆ జంటను వదల్లేదు.

ఈ కథలన్నింటిలో ఒకే సూత్రం కనిపిస్తుంది. అప్పటికప్పుడు చెప్పిన కళను భద్రపరిచేది జనం జ్ఞాపకమే. తిరుపతి వేంకట కవులు చేసిన అవధానాల్లో చెప్పిన పద్యాలు వేలల్లో ఉంటాయి. శతావధానసారము పేరుతో అచ్చయినవి వాటిలో కొన్నే. మిగతావి సభతో పాటే వెళ్లిపోయాయి. కొన్ని మాత్రం విన్నవాడి నోట పడి, వాడి కొడుకు నోట పడి, చాటువులుగా తిరిగాయి. బాగాలేనిదాన్ని జనం మోయరు. అంతకు మించిన సంపాదకుడు ఏ పత్రికకూ దొరకడు.

1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశారు. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్లు. వేంకటశాస్త్రి ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికారు. ఈ ముప్పై ఏళ్లలోనే జంట అసలు గొప్పదనం తెలుస్తుంది. పక్కవాడు లేడు, అడిగేవాడు లేడు, తన పేరొక్కటే వేసుకుంటే తప్పుపట్టేవాడూ లేడు. అయినా వేంకటశాస్త్రి తాను ఒక్కడే రాసినవాటినీ తిరుపతి వేంకట కవుల పేరుతోనే వెలువరించారు. కుర్రతనంలో ఇచ్చిన మాటను ముసలితనంలో, రెండో మనిషి లేని చోట, నిలబెట్టుకున్నారు. ఇలాంటిది ర్యాప్ లోకంలోనూ జరిగింది. న్యూయార్క్ జంట గ్యాంగ్ స్టార్‌లో గురు 2010లో చనిపోతే, డీజే ప్రీమియర్ తొమ్మిదేళ్లు ఆగి, 2019లో, గురు గొంతు రికార్డు చేసి ఉన్నవి తీసుకుని జంట పేరుతోనే ఆల్బమ్ తెచ్చాడు. అక్కడ కనీసం గొంతు మిగిలింది. వేంకటశాస్త్రికి మిగిలింది మాట ఒక్కటే.

ఇది ఎవరు రాసింది అనే ప్రశ్న మాత్రం ఈ జంటను ఎప్పుడూ వదల్లేదు. శైలిని బట్టి పట్టుకుందామని చూసినవాళ్లున్నారు. ఆ కుతూహలం సహజం. ఒకరిని తూచి ఇంకొకరి కంటే మిన్న అని తేల్చేస్తే మనసుకు తృప్తి. కానీ ఆ జంట కట్టిన ఇల్లు అంతా ఆ లెక్క తీయకూడదన్న పునాది మీదే ఉంది. మొదటి పాదం చెప్పినవాడు ప్రాస వేశాడు, రెండో పాదం చెప్పినవాడు దాన్ని మోశాడు, నాలుగో పాదానికి వచ్చేసరికి భావం ఇద్దరిదీ కాకుండా పోయి పద్యానిదైంది. ఇందులో వాటా ఎలా తీస్తారు? అభిమానులకు ఈ సంగతి పండితుల కంటే ముందే తెలుసు. వారు ఎప్పుడూ తిరుపతిశాస్త్రి పద్యం, వేంకటశాస్త్రి పద్యం అనలేదు. తిరుపతి వేంకట కవుల పద్యం అన్నారు.

ఆ అభిమానుల్లో చదువురాని వాళ్లే ఎక్కువ. దానికి కారణం నాటకాలు. మహాభారతం మీద ఈ జంట రాసిన పాండవ నాటకాల్లో పాండవోద్యోగము, పాండవ విజయము రెంటినీ కలిపి ఊళ్లలో పాండవోద్యోగ విజయాలుగా ఆడారు. అందులో కృష్ణ రాయబారం సీను గోదావరి జిల్లాల్లో కొన్ని తరాలకు పద్యం పాఠం చెప్పింది. తీర్థాల్లో, జాతరల్లో, సంక్రాంతికి పందిళ్లేసి రాత్రంతా ఆడేవారు. ఒక్క నాటకానికి ముగ్గురు కృష్ణులు ఉండేవారు. ఒకరు పడక సీనుకు, ఇంకొకరు రాయబారానికి, ఇలా పంచుకునేవారు. హార్మోనియం మీద శ్రుతి పట్టి నటుడు రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అనేవారు, అతను మళ్లీ అదే పద్యం అందుకునేవాడు. ఏలూరు ప్లీడరు బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఈలపాట రఘురామయ్య లాంటివారు ఆ పద్యాల మీదే కృష్ణులుగా వెలిగారు. మాధవపెద్ది వెంకట్రామయ్య దుర్యోధనుడిగా నిలిచారు. పొలంలో దమ్ము చేసే రైతుకూ, పడవ నడిపే సరంగుకూ ఈ పద్యాలు నోటికి వచ్చేవి. 1977లో ఎన్.టి. రామారావు తీసిన దానవీరశూరకర్ణలో రాయబారం పద్యాలు వినిపించేసరికి హాల్లో కూర్చున్నవాళ్లు నటులతో పాటు పాడారు. అప్పటికి జంటలో రెండోవారు పోయి కూడా ఇరవై ఏడేళ్లు.

చదువుకున్నవారి వైపు మరో పరంపర నడిచింది. వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో తెలుగు పంతులుగా పనిచేశారు. అక్కడ ఆయన దగ్గర చదువుకున్న పిల్లల్లో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. రామాయణ కల్పవృక్షానికి 1970 జ్ఞానపీఠం అందుకుని, తెలుగుకు మొదటి జ్ఞానపీఠం తెచ్చింది ఆయనే. పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు కూడా ఆ శిష్యులే. వారు మళ్లీ పింగళి కాటూరి కవులుగా జంట కట్టారు. గురువుల దగ్గర పద్యంతో పాటు కలిసి రాయడం కూడా నేర్చుకున్నారన్నమాట. శిష్యులకు పాఠం కంటే ఎక్కువగా గురువుగారి మాటతీరు అబ్బింది. ఆ మాటతీరు చూడాలంటే కథలు గాథలు చదవాలి. తగవులు, ప్రయాణాలు, భోజనాలు, శాస్త్రచర్చలు, స్నేహితుడి మీద బెంగ అన్నీ ఒకే ఊపులో చెప్పుకుపోయే వచనం అది.

చివరికి ప్రభుత్వమూ గుర్తించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1949లో మద్రాసు ప్రభుత్వం వేంకటశాస్త్రిని ఆస్థాన కవిని చేసింది. మరుసటి ఏడు, 1950లో, ఆయన పోయారు. డిగ్రీ లేని మనిషికి, ఊళ్లు తిరిగి పద్యం చెప్పి బతికిన మనిషికి దక్కిన గౌరవం అది. రావాల్సిన సమయం కంటే చాలా ఆలస్యంగా వచ్చింది. తిరుపతిశాస్త్రి చూడలేదు.

అవధానం ఆగిపోలేదు. పెంటపాడు దగ్గరి బోడపాడు అగ్రహారంలో పుట్టిన గరికిపాటి నరసింహారావు 1996లో కాకినాడలోనే 1,116 మంది పృచ్ఛకులతో మహాసహస్రావధానం చేశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మాడుగుల నాగఫణిశర్మ, మేడసాని మోహన్ సహస్రావధానులుగా పేరు తెచ్చుకున్నారు. ఒకప్పుడు మగవారికే పరిమితమైన ఆ వేదిక మీద బులుసు అపర్ణ లాంటి మహిళలు శతావధానాలు చేస్తున్నారు. కానీ సభల్లో ముందు వరసలు చూస్తే బాధ కలుగుతుంది. తల నెరిసినవారే ఎక్కువ. తిరుపతి వేంకట కవులు పంతొమ్మిది, ఇరవై ఒక్కేళ్ల వయసులో ఏ కుర్రతనంతో ఆ సభను ఊపేశారో, ఆ వయసువాళ్లు ఇవాళ అక్కడ లేరు. వారు మరోచోట ఉన్నారు. ఫోనులో బీట్ పెట్టుకుని, స్నేహితులు విసిరిన మాటలు అందుకుని ర్యాప్ కడుతున్నారు. హైదరాబాద్ నుంచి నోయెల్, రోల్ రైడా లాంటివారు తెలుగులో ర్యాప్ చేయవచ్చని చూపించాక చిన్న ఊళ్లలోనూ ఆ సరదా పుట్టింది. వాళ్లు చేసేది దత్తపదే. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సింది అవధాన సభలు నడిపేవారు. ర్యాప్ అంటే మొహం చిట్లించే పెద్దలు ఒక్కసారి తమ జంటకవుల యవ్వనం గుర్తు చేసుకోవాలి. మీసం మెలేసి సవాలు విసిరిన కుర్రవాళ్లను ఆనాటి పెద్దల్లో చాలామంది పొగరుబోతులన్నారు. అదే పొగరు తెలుగు పద్యాన్ని పొలం గట్టు దాకా మోసింది. ఛందస్సు రాదని నేటి పిల్లల్ని వెనక్కి పంపితే నష్టం పిల్లలకు కాదు, ఛందస్సుకే. అలాగే ర్యాప్ చేసే పిల్లలు కూడా ఒక మాట పట్టించుకోవాలి. వేగం ఒక్కటే విద్య అయితే ఆ వేగం పోయిన రోజు ఏమీ మిగలదు. కడియద్దలో ఏళ్ల తరబడి వ్యాకరణం చదివాకే ఆ ఇద్దరికీ అంత తేలిక మాట వచ్చింది.

కాబట్టి రాజమండ్రిలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో ఈసారి అష్టావధానం పెట్టేవారికి ఒక మనవి. దత్తపది ఇచ్చే పృచ్ఛకుడి కుర్చీలో ఆ ఊరి ర్యాపర్ కుర్రాణ్ని గానీ అమ్మాయిని గానీ కూర్చోబెట్టండి. నాలుగు మాటలు వాళ్లనే ఇవ్వనివ్వండి. అవధాని పద్యం పూర్తి చేశాక అవే నాలుగు మాటలతో వాళ్లనూ ఒక చరణం కట్టమనండి. ఇద్దరు కలిసి వస్తే ఒకరి తర్వాత ఒకరు అందుకోమనండి. వచ్చే వినాయక చవితి పందిళ్లకే మొదలుపెట్టవచ్చు. మైకు ఎలాగూ ఉంటుంది.